లెక్క తప్పే పునరుక్తులు: పెద్దపేగు కేన్సర్‌లో డీఎన్ఏ అస్థిరత

మనిషి డీఎన్ఏలో ఒకే చిన్న ముక్క ఆగకుండా మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు లక్షల్లో ఉన్నాయి. ఏ, సీ, జీ, టీ అనే నాలుగు రసాయన అక్షరాలతో సుమారు 300 కోట్ల అక్షరాల పొడవున సాగే రాత అది. అందులో ఒకచోట ఏ అన్న అక్షరం ఒక్కటే వరసగా 26 సార్లు వస్తుంది. మరోచోట సీఏ, సీఏ, సీఏ అంటూ ఒక జంట ఇరవై సార్లు నడుస్తుంది. ఇంకోచోట జీ, ఏ, టీ, ఏ కలిసిన ‘గాటా’ అన్న నాలుగక్షరాల మాట పదేపదే వినిపిస్తుంది. ఒకటి నుంచి ఆరు అక్షరాల దాకా ఉన్న ముక్క ఇలా వరస కట్టిన చోటును మైక్రోశాటిలైట్ అంటారు. మనిషి జన్యురాశిలో దాదాపు 3 శాతం ఇవే. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఈ వరసల పొడవు ఒళ్లంతా ఒకేలా ఉంటుంది. పెద్దపేగు కేన్సర్లలో మాత్రం నూటికి సుమారు 15 గడ్డల్లో ఆ పొడవు అదుపు తప్పుతుంది. 26 ఉండాల్సినవి 20 అవుతాయి, పక్క కణంలో 18 అవుతాయి, వేల చోట్ల ఇదే జరుగుతుంది. ఆ స్థితికి మైక్రోశాటిలైట్ అస్థిరత అని పేరు.

శాటిలైట్ అంటే ఉపగ్రహం. ఈ పేరు వెనుక ఒక చిన్న కథ ఉంది. 1960లలో డీఎన్ఏను ముక్కలు చేసి, సీసియం క్లోరైడ్ ద్రావణంలో వేసి, మహావేగంగా తిప్పి చూసేవారు. సాంద్రతను బట్టి డీఎన్ఏ ఒకచోట పట్టీలా తేలేది. ఆ పెద్ద పట్టీ పక్కనే, భూమి పక్కన చంద్రుడిలా, ఒక చిన్న పట్టీ విడిగా కనిపించేది. పునరుక్తులతో నిండిన డీఎన్ఏ అది. అక్షరాల పాళ్లు వేరు కావడంతో వేరే ఎత్తులో నిలిచేది. తర్వాత ఇంకా చిన్న పునరుక్తులు దొరికినప్పుడు వాటికి మినీ, మైక్రో అన్న ముందుమాటలు చేరాయి.

వరస పొడవు ఎందుకు తప్పుతుందో రామకోటి రాసేవారికి చెబితే చప్పున అర్థమవుతుంది. సికింద్రాబాద్‌లోని పద్మారావు నగర్‌లో స్కందగిరి గుడికి వెళ్లివచ్చి, మధ్యాహ్నం వేళ గళ్ల పుస్తకం ముందేసుకుని కూర్చునే పెద్దావిడను ఊహించుకుంటే చాలు. ‘శ్రీరామ’లో ఒక్క అక్షరం మారితే ఆమె కంటికి వెంటనే తగులుతుంది. పేరు మాత్రం ఒకసారి తక్కువ రాసినా, ఒకసారి ఎక్కువ రాసినా తెలియదు. ముందున్నదీ, వెనకున్నదీ అదే పేరు. గడికొక పేరు చొప్పున గళ్లు కొట్టి ఉన్నాయి కాబట్టి ఆమె లెక్క నిలుస్తుంది. డీఎన్ఏలో గళ్లు లేవు.

కణం రెండు కావాలంటే ముందు డీఎన్ఏకు నకలు తీయాలి. మెలివేసుకున్న రెండు పోగులూ విడిపోతాయి. ఒక్కో పాత పోగును చూసుకుంటూ పాలిమరేజ్ అనే ఎంజైము కొత్త పోగును అల్లుతుంది. మామూలు రాత మీద ఈ ఎంజైము ఆశ్చర్యపరిచేంత నిక్కచ్చిగా పనిచేస్తుంది. ఏ ఏ ఏ ఏ అని సాగే చోటికి వచ్చేసరికి కొత్త పోగు ఒక్క క్షణం ఊడి, ఒక అక్షరం అటో ఇటో జరిగి మళ్లీ అతుక్కునే వీలుంది. అక్కడ ఎటు జరిగినా జత కుదురుతుంది కదా. అలా జరిగితే ఒక పోగులో చిన్న ఉబ్బు మిగులుతుంది. కొత్త పోగులో ఉబ్బు ఉంటే ఒక అక్షరం ఎక్కువవుతుంది. పాత పోగులో ఉంటే ఒకటి తక్కువవుతుంది. దీనిని శాస్త్రవేత్తలు పోగు జారడం అంటారు.

జారడం ప్రతి మనిషిలోనూ జరుగుతూనే ఉంటుంది. నిలవకుండా చూసే కావలి ఒకటి ఉంది. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే రెండు ప్రోటీన్లు జంటగా డీఎన్ఏ వెంట తడుముకుంటూ వెళతాయి. జత కుదరని అక్షరం, ఉబ్బిన పోగు తగిలితే ఆగుతాయి. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 అనే మరో జంట వచ్చి కొత్త పోగులోనే గాటు పెడుతుంది. తప్పున్న భాగాన్ని ఇంకో ఎంజైము కొరికి తీసేస్తుంది, ఖాళీని మళ్లీ సరిగా నింపి అతికించడంతో పని పూర్తవుతుంది. దిద్దాల్సింది కొత్త పోగునే అని గుర్తుపట్టడం ఇందులో అసలు నేర్పు. పాత పోగును దిద్దితే తప్పే ఒప్పవుతుంది. ఈ వ్యవస్థను జతతప్పుల మరమ్మతు అనవచ్చు. బాక్టీరియాలో దీని భాగాలన్నిటినీ విడదీసి, పరీక్ష నాళికలో మళ్లీ కూర్చి పనిచేయించి చూపిన పాల్ మోడ్రిచ్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం దక్కింది.

మరమ్మతు వ్యవస్థ మూలపడితే తప్పుల వేగం వంద రెట్ల నుంచి వెయ్యి రెట్ల దాకా పెరుగుతుంది. పెద్దపేగుకు ఇది మరీ ప్రమాదం. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకొకసారి పూర్తిగా కొత్తదవుతుంది. అంటే అక్కడ నకళ్లు తీసే పని రాత్రింబవళ్లు ఆగదు.

పునరుక్త డీఎన్ఏకు హైదరాబాద్‌తో ఉన్న బంధం కేన్సర్ పరిశోధన కన్నా పాతది. పద్మారావు నగర్ నుంచి వారాసిగూడ మీదుగా తార్నాక దాటితే హబ్సీగూడలో సీసీఎంబీ వస్తుంది. పూర్తి పేరు సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ. లాల్జీ సింగ్ అక్కడే 1988లో భారతీయ డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించారు. అంతకుముందు ఎడిన్‌బరోలో పనిచేసే కాలంలో ఆయన ఒక పాము డీఎన్ఏలో విచిత్రమైన పునరుక్తిని చూశారు. అందులో ప్రధానంగా ఉన్నది గాటా, గాటా అన్న వరస. నలుపు, పసుపు పట్టీలుండే ఆ పాము శాస్త్రీయ నామంలోని బంగారస్ అన్న మాట తెలుగు నుంచే వెళ్లింది. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పుస్తకం వెలువరించిన పాట్రిక్ రస్సెల్ స్థానికులు చెప్పిన బంగారు పాము అన్న పేరును అలాగే రాసుకున్నాడు. ఆ పాము నుంచి తీసిన డీఎన్ఏ ముక్కతోనే హైదరాబాద్‌లో మనుషుల్ని గుర్తుపట్టారు. తర్వాత కోర్టుల్లో తండ్రి ఎవరు, హంతకుడు ఎవరు అన్న ప్రశ్నలకు ఈ విద్య జవాబు చెప్పింది.

గుర్తుపట్టడం సాధ్యమైంది ఒకే కారణం వల్ల. గాటా ఎన్నిసార్లు వస్తుందన్న లెక్క మనిషికీ మనిషికీ వేరు, ఒక మనిషి రక్తంలో, చర్మంలో, వెంట్రుక మొదట్లో మాత్రం ఒకటే. పెద్దపేగు కేన్సర్‌లో అస్థిరత వచ్చినప్పుడు ఈ రెండో మాట తప్పుతుంది. ఆ మనిషి గడ్డ ఆ మనిషి రక్తంతో సరిపోలదు. వేలిముద్రలకు ఆధారమైన గుణమే ఇక్కడ రోగ లక్షణంగా మారుతుంది.

ఈ సంగతి బయటపడింది 1993లో, అదీ కొన్ని వారాల వ్యవధిలో, మూడు బృందాల చేతుల్లో. అమెరికాలో మాన్యుయెల్ పెరూచో బృందం గడ్డల డీఎన్ఏ ముద్రలను చూస్తూ, కొన్నింటిలో ఏ వరసలు లెక్కకు మించి కురచయ్యాయని గమనించింది. మేయో క్లినిక్‌లో స్టీఫెన్ తిబోడో సీఏ వరసల్లో ఇదే చూశారు. ఇలాంటి గడ్డలు పెద్దపేగు కుడివైపే ఎక్కువని, ఈ రోగులు మిగతావారికన్నా మెరుగ్గా బతుకుతున్నారని కూడా ఆయన గుర్తించారు. హెల్సింకీలో ఆల్బర్ట్ ద లా షపెల్, బాల్టిమోర్‌లో బెర్ట్ వోగెల్‌స్టీన్ కలిసి మరో దారిలో వచ్చారు. వంశపారంపర్యంగా పెద్దపేగు కేన్సర్ వచ్చే కుటుంబాల్లో రెండో క్రోమోజోము మీద ఏదో జన్యువు పోయి ఉంటుందని వెతికారు. పోయింది కనబడలేదు, గుర్తులుగా వాడిన పునరుక్తులే కొత్త పొడవుల్లో కనిపించాయి. అదే ఏడాది ఈస్టు మీద పనిచేసే శాస్త్రవేత్తలు మరమ్మతు జన్యువులు చెడగొడితే పునరుక్తులు ఇలాగే చెదిరిపోతాయని చూపారు. దాంతో దారి తెరుచుకుంది. ఆ సంవత్సరం ముగిసేలోగా ఎంఎస్‌హెచ్2 జన్యువు దొరికింది, 1994లో ఎంఎల్‌హెచ్1 దొరికింది. రొట్టె పులిసే ఈస్టులో జరిగిన పని మనిషి ప్రాణానికి ఇంత సూటిగా అక్కరకొచ్చిన సందర్భాలు అరుదు.

అయితే ఆ కుటుంబాల బాధ శాస్త్రం కన్నా వందేళ్లు ముందుది. 1895లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక కుట్టుపని చేసే స్త్రీ, ఆల్డ్రెడ్ వార్తిన్ అనే వైద్యుడితో తమ వంశంలో అందరూ కడుపులోనో, పేగులోనో, గర్భసంచిలోనో కేన్సర్‌తో పోతారని, తానూ అలాగే పోతానని చెప్పింది. ఆయన ఆ మాటను కొట్టిపారేయకుండా వంశవృక్షం గీయడం మొదలుపెట్టాడు. 1913లో దానిని ప్రచురించాడు. ఆమె చెప్పినట్టే గర్భాశయ కేన్సర్‌తో చిన్న వయసులోనే చనిపోయింది. 1966లో హెన్రీ లించ్ మరో రెండు పెద్ద కుటుంబాలను వర్ణించారు. కేన్సర్ వంశపారంపర్యమంటే పెద్ద డాక్టర్లు నమ్మని రోజులవి. ఆయన ఏళ్ల తరబడి ఒంటరిగా వాదించారు. ఆ వ్యాధికి ఇప్పుడు లించ్ సిండ్రోమ్ అని పేరు. నాలుగు మరమ్మతు జన్యువుల్లో ఏదో ఒకదానికి ఉన్న రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉండటమే దీని మూలం. బాగున్నంత కాలం రెండో ప్రతి పని నడిపిస్తుంది. ఏ పేగు కణంలోనైనా ఆ రెండోదీ పాడయిందా, అక్కడితో కావలి పోయినట్టే. తల్లికిగానీ తండ్రికిగానీ ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపం ఉన్నవారిలో దాదాపు సగం మంది జీవితకాలంలో పెద్దపేగు కేన్సర్ బారిన పడతారు. స్త్రీలకు గర్భాశయ కేన్సర్ ముప్పూ తక్కువ కాదు. పీఎంఎస్2 లోపంలో ముప్పు చాలా తక్కువ.

పునరుక్తులు చెదిరితే కేన్సర్ ఎందుకు రావాలి? వాటిలో ఎక్కువ భాగం జన్యువుల మధ్య ఖాళీల్లోనే ఉంటాయి, అక్కడ ఒక అక్షరం పోతే కణానికి నష్టం లేదు. కొన్ని మాత్రం ప్రోటీన్ తయారు చేయించే జన్యువు నడుమనే ఉన్నాయి. కణం ఆ జన్యువును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. ఛందస్సు తెలిసినవారికి ఈ ఇబ్బంది విడమరిచి చెప్పక్కర్లేదు. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర అన్నీ మూడక్షరాల గణాలు, చివర వ గణం. మొదటి గణంలో ఒక్క అక్షరం జారిపోతే అక్కడితో ఆగదు, పాదం చివరిదాకా ఒక్క గణమూ కుదరదు, యతి కూడా తప్పుతుంది. జన్యువులోనూ అంతే. ఒక అక్షరం తగ్గిన చోటు నుంచి తర్వాతి రాతంతా అర్థం లేని ప్రోటీన్ అవుతుంది. కణాన్ని ఇక పెరగవద్దని ఆపే సందేశాన్ని అందుకునే టీజీఎఫ్ బీటా రెండో గ్రాహకం జన్యువులో వరసగా పది ఏ అక్షరాలున్నాయి. అస్థిరత ఉన్న పెద్దపేగు గడ్డల్లో చాలావాటిలో ఆ పదీ చెదిరి ఉంటాయని 1995లో తేలింది. చెడిన కణాన్ని చచ్చిపొమ్మనే బాక్స్ అనే జన్యువులో ఎనిమిది జీ అక్షరాల వరస ఉంది, అదీ ఇలాగే తప్పుతుంది. అంటే ఆపే చేయి పోయింది, చంపే చేయీ పోయింది.

నూటికి 15 గడ్డల్లో అస్థిరత ఉందన్న లెక్క పాశ్చాత్య దేశాలది. అందులో వంశపారంపర్యంగా వచ్చేవి మూడే. మిగతా పన్నెండూ వయసు మీద పడ్డాక వచ్చేవి. వాటిలో ఎంఎల్‌హెచ్1 జన్యువు రాతలో తప్పేమీ ఉండదు. జన్యువు మొదట్లో మిథైల్ అనే రసాయన గుంపులు అతుక్కుని దాన్ని మూసేస్తాయి. పుస్తకంలో పేజీ సరిగానే ఉంది, రెండు పేజీలు అంటుకుపోవడంతో చదవడం కుదరడం లేదన్నమాట. ఈ రెండు రకాలను వేరుచేయడం కుటుంబానికి చాలా ముఖ్యం. మొదటిది బిడ్డలకు సంక్రమించవచ్చు, రెండోది సాధారణంగా సంక్రమించదు. బీరాఫ్ అనే జన్యువులో ఒక ప్రత్యేకమైన మార్పు కనిపిస్తే అది దాదాపు ఖాయంగా రెండో రకం.

పరీక్ష పెద్ద ఆర్భాటం లేనిది. పేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో తీసిన ముక్కనుగానీ, ఆపరేషన్‌లో తీసిన గడ్డనుగానీ మైనపు దిమ్మలో పొదిగి ఉంచుతారు. ఆసుపత్రుల్లో దాన్ని బ్లాక్ అంటారు. ఆ బ్లాక్ నుంచి వెంట్రుక కన్నా పల్చని పొరలు కోసి నాలుగు మరమ్మతు ప్రోటీన్లకూ విడివిడిగా రంగు పరీక్ష చేస్తారు. కణకేంద్రం గోధుమరంగులోకి మారితే ప్రోటీన్ ఉన్నట్టు. మారకపోతే లేనట్టు. ఎంఎల్‌హెచ్1 పోతే దాని జంట పీఎంఎస్2 కూడా నిలవదు, ఎంఎస్‌హెచ్2 పోతే ఎంఎస్‌హెచ్6 కూడా పోతుంది. కాబట్టి ఏ జంట మాయమైందో చూసి ఏ జన్యువును వెతకాలో చెప్పవచ్చు. రెండో పద్ధతిలో పునరుక్తుల పొడవునే కొలుస్తారు. ఐదు నిర్ణీత చోట్ల గడ్డ డీఎన్ఏను రక్తం డీఎన్ఏతో పోల్చి, రెండు లేదా ఎక్కువ చోట్ల పొడవు మారితే అస్థిరత ఎక్కువగా ఉందని నిర్ధారిస్తారు. ఆ ఐదింటిలో బ్యాట్-26 అనే 26 ఏ అక్షరాల వరస ఎంఎస్‌హెచ్2 జన్యువు లోపలే ఉండటం ఒక వింత. కావలివాడి ఇంట్లోనే దొంగతనం ఆనవాలు దొరికినట్టు.

పెద్దపేగు కేన్సర్ అని తేలిన ప్రతి రోగికీ ఈ పరీక్ష చేయాలి. అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నదీ అదే. పద్మారావు నగర్ ప్రజలకు నడక దూరంలో గాంధీ ఆసుపత్రి ఉంది.  నగరంలోనే రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్ ఉన్నాయి. అయినా చాలామంది అక్కడిదాకా చేరడానికే నెలలు పడుతుంది. మలంలో రక్తం పడితే మొలలని తమకు తామే తీర్పు చెప్పుకుని పసరు మందులతో కాలం గడుపుతారు. ఇంకో చిక్కు ఏమిటంటే, అస్థిరత ఉన్న గడ్డలు ఎక్కువగా పేగు కుడివైపు వస్తాయి. అక్కడి రక్తం మలంలో కలిసిపోయి కంటికి కనబడదు. రోగికి తెలిసేది ఆయాసం, నీరసం, తెల్లబారిన కళ్లు మాత్రమే. రక్తం తక్కువగా ఉందని ఐరన్ బిళ్లలిచ్చి పంపేస్తే అసలు కారణం పేగులోనే పెరుగుతూ ఉంటుంది. యాభై దాటిన మగవారికి, నెలసరి ఆగిన ఆడవారికి కారణం తెలియని రక్తహీనత వస్తే పేగు చూడకుండా వదలకూడదు.

అస్థిరత ఉందో లేదో తెలిస్తే వైద్యమే మారుతుంది. పెద్దపేగు కేన్సర్‌కు 1957 నుంచీ తోడున్న మందు ఫ్లోరోయురాసిల్. దాని బలం పెంచడానికి జోడించే ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లే ప్రయోగశాల పరిశోధనకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఈ మాట ప్రతి తెలుగు ఇంట్లో తెలియాల్సింది. అయితే గడ్డ రెండో దశలో ఉండి, అస్థిరత ఉన్నదైతే, ఆపరేషన్ తర్వాత ఫ్లోరోయురాసిల్ ఒక్కటే ఇస్తే లాభం లేదని పరిశీలనల్లో తేలింది. ఆ రోగులు ఆపరేషన్‌తోనే బాగా కోలుకుంటారు. పరీక్ష చేయకుండా మందు మొదలుపెడితే వాంతులు, విరేచనాలు, ఖర్చు తప్ప మిగిలేదేమీ ఉండదు.

ముదిరిన దశలో ఇంకా పెద్ద తేడా కనిపిస్తుంది. గణం తప్పిన రాత నుంచి పుట్టిన వింత ప్రోటీన్లు వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి ఈ గడ్డలను రోగనిరోధక కణాలు పరాయివిగా గుర్తుపట్టి చుట్టుముడతాయి. మైక్రోస్కోపులో చూస్తే గడ్డ నిండా లింఫోసైట్లు అనే ఆ కణాలు కనబడతాయి. గడ్డ మాత్రం పీడీ-1 అనే బ్రేకును నొక్కి వాటిని నిలబెట్టేస్తుంది. ఆ బ్రేకును వదిలించే మందులు మొదటి ప్రయత్నాల్లో పెద్దపేగు కేన్సర్ మీద దాదాపు పనిచేయలేదు. ఒక్క రోగిలో గడ్డ పూర్తిగా కరిగిపోయింది. ఆరా తీస్తే ఆ గడ్డలో మైక్రోశాటిలైట్ అస్థిరత ఉంది. ఆ ఒక్క మనిషిని పట్టించుకోవడం వల్లే 2015లో జాన్స్ హాప్కిన్స్‌లో డంగ్ లే బృందం అసలు సూత్రాన్ని నిరూపించింది. 2017 మేలో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ పెంబ్రోలిజుమాబ్‌కు, అవయవం ఏదైనా సరే ఈ అస్థిరత ఉంటే చాలునని అనుమతి ఇచ్చింది. కేన్సర్ ఎక్కడ పుట్టిందో చూడకుండా జన్యు లక్షణాన్ని బట్టి మందు ఒప్పుకోవడం అదే మొదలు. 2020లో వెలువడిన ఫలితాల్లో, అస్థిరత ఉన్న ముదిరిన పెద్దపేగు కేన్సర్‌ను ఈ మందు మీడియన్ లెక్కన 16.5 నెలలు అదుపులో ఉంచితే, కీమోథెరపీ 8.2 నెలలు ఉంచింది. 2022లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ నుంచి వచ్చిన వార్త మరీ అబ్బురం. మరమ్మతు లోపం ఉన్న పురీషనాళ కేన్సర్‌కు డోస్టార్లిమాబ్ అనే మందు ఒక్కటే ఆరు నెలలు తీసుకున్న మొదటి 12 మందికి 12 మందిలోనూ గడ్డ మాయమైంది. ఆపరేషన్, రేడియేషన్ అక్కర్లేకపోయాయి, పొట్ట మీద సంచి తగిలించుకునే అవస్థ తప్పింది. ముదిరిన పెద్దపేగు కేన్సర్లలో అస్థిరత ఉన్నవి నూటికి నాలుగైదే. ఈ మందుల ఖరీదు సామాన్య కుటుంబానికి అందనంత ఎక్కువ. అయినా ఆ నలుగురైదుగురు ఎవరో తెలుసుకునే పరీక్ష ఖరీదైంది కాదు.

పాశ్చాత్య లెక్కలను ఉన్నవున్నట్టు తెచ్చి తెలుగునాట అతికించడం సరికాదని హైదరాబాద్ పరిశోధనే చెప్పింది. ఉప్పల్‌లోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నోస్టిక్స్ సెంటర్‌ను సీడీఎఫ్‌డీ అంటారు. అక్కడి మురళి బాష్యం బృందం నగర ఆసుపత్రుల వైద్యులతో కలిసి, చిన్న వయసులో వచ్చిన కేన్సర్లను, పెద్ద వయసులో వచ్చినవాటిని పోల్చి 2014లో ఫలితాలు ప్రకటించింది. పాఠ్యపుస్తకాల ప్రకారం పెద్దపేగు కేన్సర్‌కు రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి ఏపీసీ జన్యువు చెడి, కణాన్ని పెరగమనే డబ్ల్యుఎన్‌టీ సంకేతం ఆగకుండా మోగడం, క్రోమోజోములే ముక్కలు చెక్కలవడం. రెండోది ఇక్కడ చెప్పుకుంటున్న అస్థిరత. ఈ రెండూ కలిసి పెద్ద వయసు కేన్సర్లలో నూటికి 90కి పైగా వివరిస్తాయి. హైదరాబాద్ బృందం చూసిన చిన్న వయసు రోగుల్లో గణనీయమైన భాగానికి రెండు దారులూ వర్తించలేదు. కేరాస్ అనే జన్యువులో మార్పులూ వాళ్లలో తక్కువే.

ఈ ఫలితానికి ఉన్న బరువు చాలా పెద్దది. భారతదేశంలో పెద్దపేగు కేన్సర్ మొత్తంగా తక్కువే. 2022లో ప్రపంచవ్యాప్తంగా 19 లక్షల పైచిలుకు కొత్త కేసులుంటే ఇక్కడివి సుమారు 70 వేలని అంచనా. వచ్చినవారిలో మాత్రం చిన్న వయసువారు, పురీషనాళంలో వచ్చినవారు పాశ్చాత్య దేశాల కన్నా ఎక్కువగా కనిపిస్తారు. ముప్పై ఐదేళ్ల మనిషికి కేన్సర్ రాగానే వంశపారంపర్యమే అయి ఉంటుందని అనుకోవడమూ, అస్థిరత లేదని రాగానే ఇంకేమీ వెతకనక్కర్లేదని ఫైలు మూయడమూ రెండూ తప్పే. మూడో దారి ఏమిటో ఇక్కడి గడ్డల్లోనే, ఇక్కడి ప్రయోగశాలల్లోనే వెతకాలి. అందుకు డబ్బు, బ్లాకులు, రోగుల సమ్మతి మూడూ కావాలి.

తెలుగు కుటుంబాలకు ప్రత్యేకించి వర్తించే విషయం మరొకటి ఉంది, అది మేనరికం. ఒకే తాత ముత్తాతల నుంచి లించ్ లోపం భార్యకూ భర్తకూ వచ్చి ఉంటే, వాళ్ల బిడ్డల్లో నలుగురిలో ఒకరికి రెండు ప్రతులూ చెడినవే అందవచ్చు. మేనమామను చేసుకున్న పెళ్లిలో, ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి బిడ్డకు చేరే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య పెళ్లిలో అది పదహారింట ఒకటి. రెండు ప్రతులూ చెడిన బిడ్డకు ఒంట్లో ఏ కణంలోనూ మరమ్మతు ఉండదు. పసితనంలోనే మెదడు గడ్డలు, రక్త కేన్సర్లు, ఇరవై ఏళ్లు నిండకుండానే పేగు కేన్సర్ రావచ్చు. చర్మం మీద పాలు కలిపిన కాఫీ రంగు మచ్చలు తరచు తొలి ఆనవాలు. ఇది చాలా అరుదైన వ్యాధి. అరుదు కాబట్టే ఎవరికీ తట్టక, ఒక బిడ్డ పోయాక రెండో బిడ్డకు వచ్చినప్పుడు గానీ తెలియదు. మేనరికం ఇంట్లో పెద్దపేగు, గర్భాశయ కేన్సర్ల చరిత్ర ఉంటే పెళ్లి మాటలకు ముందే జన్యు సలహా తీసుకోవడం మంచిది. బేగంపేటలో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జన్యువ్యాధుల ఆసుపత్రి ఉంది.

లించ్ లోపం ఉందని తెలియడం మరణశాసనం కాదు. మామూలుగా పేగులో చిన్న పిలక, అంటే పాలిప్, కేన్సర్‌గా మారడానికి పదేళ్లు పడుతుంది. మరమ్మతు లేనప్పుడు ఒకటి నుంచి మూడేళ్లు చాలు. ఆ వ్యవధి తెలుసు కాబట్టే, ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లోపం ఉన్నవారిని ఇరవై నుంచి పాతికేళ్ల వయసులో మొదలుపెట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కొలనోస్కోపీ చేయించుకోమంటారు. పాలిప్ దొరికితే అప్పుడే తీసేస్తారు. ఫిన్లాండ్‌లో 15 ఏళ్లపాటు గమనించిన కుటుంబాల్లో ఈ పరీక్షలు చేయించుకున్నవారికి పెద్దపేగు కేన్సర్ 62 శాతం తగ్గింది. బ్రిటన్‌కు చెందిన జాన్ బర్న్ నాయకత్వంలో 861 మంది లించ్ లోపం ఉన్నవారి మీద జరిగిన పరిశీలనలో, రోజూ ఆస్పిరిన్ తీసుకున్నవారికి ఏళ్లు గడిచేకొద్దీ ఈ కేన్సర్ తక్కువగా వచ్చింది. ఆస్పిరిన్ కడుపులో రక్తస్రావం తెప్పించే మందు కాబట్టి డాక్టరు చెప్పకుండా ఎవరూ మొదలుపెట్టకూడదు.

ఈ మొత్తం వ్యవహారంలో కుటుంబం చేయగల పనులు డాక్టరు చేసే పనులంత విలువైనవి. నాన్నకు, మేనత్తకు, అమ్మమ్మకు, పెదనాన్నకు వచ్చిన కేన్సర్ ఏ అవయవంలోది, ఎన్నో ఏట వచ్చింది అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ‘కడుపులో గడ్డ’ అని వదిలేయకూడదు. ఆడవారి గర్భసంచి కేన్సర్ సంగతి సిగ్గుపడి దాచకూడదు, లించ్ కుటుంబాన్ని పట్టించేది చాలాసార్లు అదే. రోగి చనిపోయినా బ్లాక్‌ను పారేయనివ్వకూడదు, ఏళ్ల తర్వాత కూడా దాని మీద పరీక్ష చేయవచ్చు, దానివల్ల బతికి ఉన్న బిడ్డలకు దారి దొరుకుతుంది. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు కేన్సర్ అని ముక్క పరీక్షలో తేలితే, కీమో తేదీ ఖరారు చేసుకునే ముందే డాక్టరును ఒక మాట అడగాలి: నాలుగు మరమ్మతు ప్రోటీన్ల పరీక్ష చేశారా, ఫలితం ఏమొచ్చింది?